ఎంపీ దగ్గరకు ఊరి పనులు తీసుకెళ్లాలంటే ఏ పనికి ఏ దారి?

పొలంగట్టు (ప్రశ్న)

నమస్కారమండీ. మా పంచాయతీ తరఫున నాలుగు విషయాలు లోక్‌సభ సభ్యుడికి చెప్పుకోవాలనుకుంటున్నాం.

ఎస్సీ కాలనీలో సుమారు 300 మీటర్ల మేర సీసీ డ్రెయిన్ లేదు. లెవెల్ క్రాసింగ్ మూసేసి కట్టిన సబ్‌వేలో వానాకాలమంతా నీళ్లు నిలుస్తున్నాయి, ట్రాక్టర్లు తిరగడం లేదు. స్టేషన్‌లో పొద్దున వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఒకటి ఆగాలి. ఇవి కాక కొందరికి వృద్ధాప్య పింఛన్ల దరఖాస్తులు పెండింగులో ఉన్నాయి.

ఈ నాలుగూ ఒకే వినతిపత్రంలో రాసి, ఊరందరి సంతకాలూ పెట్టించి, ఆయన మండలానికి వచ్చినప్పుడు చేతికిస్తే సరిపోతుందా? కాగితం ఇచ్చాక అది ఎక్కడికి వెళ్తుంది, ఎన్నాళ్లకు కదులుతుంది, మధ్యలో ఎక్కడ ఆగిపోతుంది అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

నిధులలెక్క

ముందుగా ఒక మాట. నాలుగూ ఒకే కాగితంలో రాయకండి. ఎంపీ ఆఫీసులో కాగితాన్ని శాఖలవారీగా విడదీసి పంపుతారు. నాలుగు శాఖల పనులున్న కాగితం మొదటి శాఖకు వెళ్లి అక్కడే ఫైలులో పడుతుంది, మిగతా మూడింటిని అడిగేవాడుండడు. ఒక పనికి ఒక కాగితం, ఒక్క పేజీ. సంతకాల జాబితా వెనక జతచేయండి. ముందు పేజీలో ఉండాల్సింది పని వివరం, స్థలం, ఇప్పటిదాకా ఏ ఆఫీసులో ఏ నంబరుతో దరఖాస్తు ఉంది, ఎంపీ నుంచి సరిగ్గా ఏం కావాలి అన్నవి. ఎంపీకి కార్యాలయ ఖర్చుల కింద నెలకు వచ్చే 75,000 రూపాయల్లో సిబ్బంది జీతాలకు 50,000. అంటే ఏడు అసెంబ్లీ సెగ్మెంట్ల ఉత్తరాలు చూసేది ఒకరిద్దరే. ఆ కాగితాన్ని వాళ్లు మళ్లీ రాయనక్కర్లేకుండా, పైన ఒక లేఖ పెట్టి పంపేలా ఉంటేనే ముందు కదులుతుంది.

పింఛన్లు ఇందులోంచి తీసేయండి. మంజూరు రాష్ట్ర ప్రభుత్వానిది, దరఖాస్తు నడిచేది సచివాలయం, ఎంపీడీఓ ఆఫీసుల్లో. ఎంపీ రాసినా ఆ లేఖ తిరిగి అక్కడికే వస్తుంది. మీకు పోయేది కాలమే.

ఇక డ్రెయిన్. ఇది ఎంపీ నిధులకు చక్కగా సరిపోయే పని. ఎంపీలాడ్స్ అని పిలిచే ఈ పథకం 1993 డిసెంబరులో మొదలైంది. అప్పుడు ఏడాదికి 5 లక్షలు, 2011-12 నుంచి 5 కోట్లు. కరోనా సమయంలో 2020 ఏప్రిల్ నుంచి 2021 నవంబరు దాకా ఆపేశారు, తర్వాత మళ్లీ నడుస్తోంది. 5 కోట్లంటే పెద్ద మొత్తంలా వినిపిస్తుంది కానీ మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో లోక్‌సభ స్థానంలో ఏడేసి అసెంబ్లీ సెగ్మెంట్లు. సెగ్మెంటుకు సుమారు 71 లక్షలు. సెగ్మెంటులో ఐదు మండలాలుంటే మండలానికి 14 లక్షల చిల్లర, అది కూడా ఏడాది మొత్తానికి. కోటి రూపాయల రోడ్డు అడిగితే రాదని ముందే తెలుసుకుంటే ఇద్దరికీ మంచిది.

అయితే మీకు అనుకూలమైన నిబంధన ఒకటుంది. ఎంపీ ఏటా సిఫార్సు చేసే మొత్తంలో 15 శాతం ఎస్సీలు నివసించే ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీల ప్రాంతాలకు పెట్టాలి. 5 కోట్లలో అది 75 లక్షలు, 37.5 లక్షలు. ఆ వాటాకు సరైన కాగితాలతో వచ్చే ప్రతిపాదనలు తక్కువ. వచ్చేవి ఎక్కువగా ప్రధాన వీధి రోడ్డు, ఊరి మధ్య హాలు. అందుకని మీ కాగితం మొదటి వాక్యంలోనే 'ఎస్సీ వాటా కింద పరిశీలించగలరు' అని రాసి, ఆ వీధిలో ఎన్ని ఎస్సీ కుటుంబాలున్నాయో చూపే పత్రం జతచేయండి.

జతచేయాల్సినవి ఇవి: పంచాయతీ తీర్మానం నకలు, డ్రెయిన్ వెళ్లే దారి గ్రామకంఠమో, పంచాయతీ రోడ్డో, ప్రభుత్వ భూమో చెప్పే తహసీల్దారు ధ్రువీకరణ (సర్వే నంబరుతో), పని అయ్యాక నిర్వహణ పంచాయతీదే అన్న హామీ, పంచాయతీరాజ్ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, వేసిన అంచనా (ప్రస్తుత ఎస్‌ఎస్‌ఆర్, అంటే ప్రభుత్వ ధరల పట్టిక రేట్లతో, జీఎస్టీ కలిపి), ఈ పని వేరే పథకంలో మంజూరు కాలేదన్న పత్రం. చివరిది లేక ఆగిపోయిన పనులు చాలా ఉంటాయి. ఎందుకంటే ఆర్థిక సంఘం నిధుల్లోనో ఉపాధి పనుల్లోనో అదే వీధి అప్పటికే నమోదై ఉంటుంది, సంగతి జిల్లాలో బయటపడుతుంది.

డ్రెయిన్ విషయంలో అందరూ మరిచేది తోక. నీళ్లు చివర ఎక్కడ వదులుతారు? కాలనీ దాటి ఒకరి పొలం గట్టు దగ్గర ఆపేస్తే ఆయన అడ్డంకి పెడతాడు, కాంట్రాక్టరు సగంలో బిల్లు చేసుకుని వెళ్తాడు. ఏఈతో లెవెల్స్ తీయించి, వాగుకో పెద్ద కాల్వకో కలిసేదాకా పొడవు లెక్కవేయించండి. 300 మీటర్లనుకున్నది 380 అయినా ఫర్వాలేదు. తోక లేని 300 మీటర్లు దోమల తొట్టి అవుతుంది.

ఈ నిధితో చేయకూడనివి కూడా చూసుకోండి. ప్రార్థనా స్థలాలు, వాటి ప్రహరీలు, భూమి కొనుగోలు, వ్యక్తిగత ఆస్తులు, అప్పులు, గ్రాంట్లు, అప్పటికే చేసేసిన పనికి డబ్బు తిరిగివ్వడం, ఇవేవీ కుదరవు. 'ముందు పని చేయించండి, తర్వాత ఎంపీ నిధుల్లో చూసుకుందాం' అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ డబ్బు రాదు.

నిధులలెక్క

కాగితం ఎక్కడికి వెళ్తుందో రాయలేదు, ఇది దానికి కొనసాగింపు.

ఎంపీ మంజూరు చేయరు, సిఫార్సు చేస్తారు. మంజూరు జిల్లా అధికారిది, అంటే కలెక్టరుది. ఆ ఫైలు నడిపేది ముఖ్య ప్రణాళికాధికారి, సీపీఓ ఆఫీసు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త మార్గదర్శకాలొచ్చాయి, అంతా ఈ-సాక్షి అనే ఎంపీ నిధుల ఆన్‌లైన్ పోర్టల్‌లో జరుగుతుంది. ఎంపీ లాగిన్‌లోంచి సిఫార్సు వెళ్లాలి. లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టించుకుని ఇంటికి తెచ్చుకున్న లేఖ ఒక్కటీ చాలదు. 'పోర్టల్‌లో ఎక్కించారా, సిఫార్సు నంబరు ఎంత' అని పీఏ గారిని అడిగి రాసుకోండి. మన ఊళ్లలో ఎక్కువ కాగితాలు ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే.

సిఫార్సు అందిన 45 రోజుల్లో జిల్లా అధికారి మంజూరైనా చేయాలి, కుదరదని కారణంతో ఎంపీకైనా చెప్పాలి. మంజూరైన పని మామూలుగా ఏడాదిలో పూర్తి కావాలి. పాత పద్ధతిలో ఏటా 2.5 కోట్ల చొప్పున రెండు విడతలు జిల్లా ఖాతాకొచ్చేవి, వినియోగ పత్రాలు అందక రెండో విడత నెలల తరబడి రాకపోయేది. ఇప్పుడు డబ్బు జిల్లాలో కూర్చోదు. పని బిల్లు పోర్టల్‌లో ఎక్కి, ఆమోదం పొందాక నేరుగా పని చేసినవారి ఖాతాకు వెళ్తుంది. కాబట్టి ఎవరైనా 'నిధులు రాలేదు' అంటే, బిల్లు పోర్టల్‌లో పెట్టారా లేదా అన్నది ఎదురు ప్రశ్న.

ఒక లోక్‌సభ స్థానం రెండు మూడు జిల్లాల్లో విస్తరించి ఉంటే వాటిలో ఒకటి నోడల్ జిల్లా, అంటే ఆ ఎంపీ నిధుల వ్యవహారానికి కేంద్రంగా ఉండే జిల్లా. తెలంగాణలో 2016 విభజన తర్వాత ఇది మామూలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు 26 చేసినప్పుడు లోక్‌సభ స్థానాలనే ఆధారం చేసుకున్నారు గానీ అన్నిచోట్లా అచ్చంగా సరిపోలేదు. మీ మండలం ఏ జిల్లాలో ఉందో, ఎంపీ నిధులకు నోడల్ జిల్లా ఏదో రెండూ కనుక్కుంటే తప్పుడు కలెక్టరేటుకు తిరగాల్సిన పని ఉండదు.

రాజ్యసభ సభ్యులకూ ఇదే 5 కోట్లుంటుంది. వాళ్లు రాష్ట్రంలో ఎక్కడైనా సిఫార్సు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు 11 మంది, తెలంగాణకు ఏడుగురు. జనం అక్కడికి తక్కువ వెళ్తారు. లోక్‌సభ సభ్యుడి కోటా ఈ ఏడాదికి అయిపోయిందంటే ఆ తలుపు తట్టండి.

పట్టాలపక్క

సబ్‌వే, రైలు హాల్టు గురించి నేను చెప్తాను. రెండూ రైల్వేవే అయినా దారులు పూర్తిగా వేరు.

సబ్‌వేలో నీళ్లు నిలవడానికి కారణం ఒకటే ఉండదు. కారణం తెలుసుకోకుండా 'నీళ్లు తీయించండి' అని రాస్తే ఒక మోటారు తెచ్చి పెడతారు, రెండో వానకు అది కాలిపోతుంది. వెళ్లి చూడాల్సినవి:

రోడ్డు మీది వాననీరు దిగువకు పారి లోపలికొస్తోందా? అలాగైతే రెండు వైపులా దిగుడు మొదలయ్యే చోట రోడ్డును కాస్త మిట్ట చేయాలి, దాని ముందు అడ్డంగా జాలీ కాల్వ వేయాలి. ఈ చిన్న పని జరగక మునిగే సబ్‌వేలే ఎక్కువ. నేరుగా దిగుడు మీదే పడే వాన సమస్య అయితే దానికి రేకుల పైకప్పు. గోడల్లోంచి, పట్టాల కింద పెట్టిన కాంక్రీటు పెట్టెల కీళ్లలోంచి నీరు ఊరుతుంటే అది భూగర్భ జలం. వాన ఆగి మూడు రోజులైనా నీరు పెరుగుతోందంటే గుర్తు అదే. అప్పుడు కీళ్లు మూయాలి, గుంత తవ్వి పంపు పెట్టాలి. పక్కన పల్లంగా వాగు ఉంటే పైపు వేసి నీటిని దానంతటదే పోయేలా చేయడం అన్నింటికంటే మేలు. కరెంటు పోతే ఆగిపోయే పంపుకన్నా వాలు నమ్మదగినది.

తర్వాత ఎవరి పని అన్నది. పట్టాల కింద పెట్టె, రైల్వే హద్దులోని భాగం రైల్వేది. హద్దు బయటి అప్రోచ్ రోడ్డు పంచాయతీరాజ్‌దో ఆర్ అండ్ బీదో. పంపు నడపడం, కరెంటు బిల్లు కట్టడం ఎవరిదన్నది లెవెల్ క్రాసింగ్ మూసేటప్పుడు రాసుకున్న ఒప్పంద పత్రంలో ఉంటుంది. ఆ పత్రం నకలు, సబ్‌వే డ్రాయింగు నకలు సమాచార హక్కు కింద రైల్వే డివిజన్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టి తీసుకోండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఎంపీ దగ్గరకు వెళ్లే ముందే ఇది చేతిలో ఉంటే 'అది మా పరిధి కాదు' అన్న జవాబును మొదట్లోనే ఆపేయవచ్చు.

ఎంపీ నుంచి అడగాల్సింది: డివిజనల్ రైల్వే మేనేజరుకు లేఖ, అందులో రైల్వే ఇంజినీర్లు, పంచాయతీరాజ్ ఇంజినీర్లు కలిసి స్థలం చూడాలన్న కోరిక. ఉమ్మడి తనిఖీ జరిగితే ఇద్దరి సంతకాలతో ఒక నోటు తయారవుతుంది, ఆ తర్వాత బాధ్యత ఒకరి మీద ఒకరు తోసుకోలేరు. వానాకాలంలో నీళ్లున్నప్పుడే తనిఖీ పెట్టించండి. ఫొటోల్లో తేదీ, కిలోమీటరు రాయి నంబరు, మూసేసిన లెవెల్ క్రాసింగ్ నంబరు కనిపించాలి. రైల్వేవాళ్లకు మీ ఊరి పేరుకన్నా ఆ నంబరే తెలుస్తుంది.

హాల్టుకు లెక్కలు కావాలి, సంతకాలు కాదు. డివిజన్ నుంచి జోన్‌కు, అక్కడి నుంచి రైల్వే బోర్డుకు వెళ్లే ప్రతిపాదన ఇది. చూసేవి: ఆ స్టేషన్‌లో రోజూ అమ్ముడయ్యే టికెట్లు, రిజర్వేషన్లు, ముందూ వెనకా ఉన్న హాల్టులు ఎంత దూరంలో ఉన్నాయి, ప్లాట్‌ఫారం పొడవు ఆ రైలు బోగీలకు సరిపోతుందా, ఆగితే రైలు కాలంలో ఎంత పోతుంది, వెనక వచ్చే రైళ్ల దారికి అడ్డా. మీ ఊరివాళ్లు బస్సెక్కి పక్క జంక్షన్‌కు వెళ్లి అక్కడ టికెట్ కొంటే ఆ అమ్మకం జంక్షన్ లెక్కలో పడుతుంది, మీ స్టేషన్‌కు సున్నా. అందుకే హాల్టు అడగదల్చిన ఊరు ముందు తన స్టేషన్‌లోనే టికెట్లు కొనడం మొదలుపెట్టాలి. మంజూరైనా మొదట ప్రయోగాత్మకంగానే ఇస్తారు, అమ్మకం చూసి కొనసాగిస్తారు. రైలు ఆగిందన్న సంబరం పదిరోజులకు చల్లారి, జనం ఎక్కకపోతే అది పోతుంది. మళ్లీ తెచ్చుకోవడం మొదటిసారి కంటే కష్టం.

పొలంగట్టు

చాలా ఉపయోగపడుతోందండీ. రెండు సందేహాలు.

ఒకటి, ఎంపీ గారి లేఖ ఉంటేనే అంచనా వేస్తామని ఇంజినీరింగ్ ఆఫీసులో అంటున్నారు. అంచనా తెస్తేనే లేఖ ఇస్తామని అటువైపు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండు, సబ్‌వే విషయం పార్లమెంటులో అడిగించవచ్చా? అడిగితే ఏమైనా ఒరుగుతుందా?

నిధులలెక్క

మొదటిది అన్ని జిల్లాల్లోనూ ఉన్న చిక్కే. విప్పే దారి రెండు లేఖలు. మొదటి లేఖ సిఫార్సు కాదు: 'ఫలానా పనికి అంచనా తయారు చేసి పంపగలరు' అని ఎంపీ ఆఫీసు నుంచి కార్యనిర్వాహక ఇంజినీరుకు, అంటే ఈఈకి ఒక ఉత్తరం. దీనికి నిధుల కోటాతో పని లేదు కాబట్టి ఎవరూ వెనకాడరు. ఏఈ పేరున కాకుండా ఈఈ పేరున ఉండాలి, ఏఈకి పైనుంచి ఆదేశం వస్తేనే ఆయన రికార్డులో ఆ పని ఉంటుంది. అంచనా వచ్చాక రెండోది, అసలైన సిఫార్సు.

అదీ కాకపోతే సుమారు మొత్తం వేసి సిఫార్సు చేయించవచ్చు. సాంకేతిక అంచనా తెప్పించుకోవడం ఆ తర్వాత జిల్లా అధికారి పని. కానీ అంచనా ఆ మొత్తాన్ని మించితే అదనానికి మళ్లీ ఎంపీ ఒప్పుకోవాలి, ఫైలు ఒక చుట్టు ఎక్కువ తిరుగుతుంది. కొంత డబ్బు పంచాయతీ పెట్టుకుంటామంటే ఆ వాటా ఖాయంగా ఉన్నట్టు పత్రం చూపాలి. నోటిమాట చెల్లదు.

పట్టాలపక్క

పార్లమెంటు ప్రశ్న గురించి. ప్రశ్న వేయగానే పని జరగదు. కానీ మంత్రిత్వ శాఖ నుంచి కింది ఆఫీసుదాకా ప్రతి మెట్టూ ఆ విషయం మీద రాతపూర్వకంగా సమాచారం పంపక తప్పదు. డివిజన్‌లో నెలలుగా మూలనున్న ఫైలు ఆ వారంలో బల్లమీదకొస్తుంది. అందుకే ప్రశ్న విలువైనది.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్ర రహిత ప్రశ్నలు. నక్షత్రం ఉన్నవాటికి మంత్రి సభలో జవాబు చెప్పాలి, కానీ ప్రశ్నోత్తరాల గంటలో నిజంగా చర్చకొచ్చేవి కొన్నే. మీకు కావాల్సింది అంకెలు, తేదీలు కాబట్టి రాతపూర్వక జవాబొచ్చే నక్షత్ర రహిత ప్రశ్నే నయం. జవాబిచ్చే రోజుకు కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు అందాలి, 21 రోజుల కంటే ముందు తీసుకోరు. ఒక సభ్యుడు ఒక రోజుకు ఐదు నోటీసులే ఇవ్వగలరు, వచ్చిన వేలల్లోంచి లాటరీలో తీస్తారు. కాబట్టి మొదటిసారి రాకపోతే మరుసటి వారం మళ్లీ వేయించాలి. సమావేశాలు మొదలయ్యాక ముసాయిదా పట్టుకుని వెళ్తే ఆ సమావేశాల్లో మొదటి సగం పోయినట్టే. బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాల తేదీలు ప్రకటించిన రోజే ఇచ్చేయండి.

ప్రశ్న 150 పదాలు మించకూడదు. అభిప్రాయం అడగకూడదు, నిందించకూడదు, కోర్టులో ఉన్నది అడగకూడదు, రాష్ట్ర పరిధిలోది అడగకూడదు. ఒక్క ఊరి చిన్న విషయమైతే తరచూ తోసిపుచ్చుతారు. దాన్నే డివిజన్ స్థాయికి ఎత్తాలి. ఉదాహరణకు ఇలా:

'రైల్వే మంత్రి దయచేసి తెలపగలరా: (ఎ) ఫలానా రైల్వే డివిజన్‌లో లెవెల్ క్రాసింగుల స్థానంలో గత ఐదేళ్లలో నిర్మించిన సబ్‌వేల సంఖ్య, జిల్లాలవారీగా, (బి) వాటిలో వర్షాకాలంలో నీరు నిలిచి రాకపోకలు ఆగినట్టు నమోదైనవి ఎన్ని, ఫలానా నంబరు క్రాసింగు స్థానంలోనిది అందులో ఉందా, (సి) ఒక్కోదానికి నీరు తొలగించే ఏర్పాటు ఏమిటి, నిర్వహణ ఏ సంస్థది, (డి) శాశ్వత పరిష్కారానికి మంజూరైన పనులు, మొత్తం, పూర్తయ్యే గడువు?'

మీ సబ్‌వే (బి)లో ఉంది, కానీ ప్రశ్న డివిజన్ మొత్తానిది. 'చర్యలు తీసుకుంటారా?' అని ఒక్కటే అడిగితే 'ఇది నిరంతర ప్రక్రియ' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. సంఖ్య, సంస్థ, గడువు అడిగితే ఏదో ఒకటి రాయాలి. జవాబులు పార్లమెంటు వారి సన్సద్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మీ ప్రశ్న రాసే ముందు అదే విషయం మీద పాత జవాబులు వెతకండి. ఒక్కోసారి మీకు కావాల్సిన అంకె అప్పటికే అక్కడ ఉంటుంది.

హాల్టుకైతే లోక్‌సభ 377వ నిబంధన మేలు, దాని కింద ఎంపీ ఒక విషయాన్ని రాతపూర్వకంగా సభ దృష్టికి తేవచ్చు. 250 పదాలలోపు వాచకం, సభ్యుడికి వారానికి ఒకటి, మంత్రిత్వ శాఖ నెల రోజుల్లో ఎంపీకి జవాబు పంపాలి. శూన్య గంటలో (జీరో అవర్) మాట్లాడితే వీడియో బాగా తిరుగుతుంది కానీ మంత్రి జవాబివ్వాలన్న కట్టుబాటు లేదు. వీడియో చూసి సంతోషపడి ఊరుకోకండి, దాని వెంట ఒక లేఖ కూడా వెళ్లిందా అని అడగండి.

కొత్త లైను, రెండో లైను, స్టేషన్ పెద్ద పనుల విషయమైతే బడ్జెట్ సమయంలో వచ్చే పింక్ బుక్, అంటే రైల్వే పనులవారీ కేటాయింపుల పుస్తకం తెరిచి మీ జోన్ పేజీలు చూడండి. పని పేరు, మొత్తం అంచనా, ఇప్పటిదాకా ఖర్చు, ఈ ఏడాది కేటాయింపు అన్నీ ఉంటాయి. వందల కోట్ల పనికి ఈ ఏడాది కేటాయింపు కొన్ని వేల రూపాయలే ఉంటే అది పేరుకు బతికి ఉన్న పని. అప్పుడు అడగాల్సింది మంజూరు కాదు, కేటాయింపు.

కలెక్టరేట్‌మెట్లు

పైవాళ్లు చెప్పింది సరిగ్గా ఉంది. రెండు చోట్ల కలపాల్సింది ఉంది.

మీ ఎంపీ కేంద్ర మంత్రి అయితే ప్రశ్నలు వేయలేరు, 377 కింద కూడా ఇవ్వలేరు. నిధుల సిఫార్సు, లేఖలు మాత్రం మామూలుగానే చేస్తారు. అలాంటప్పుడు ప్రశ్నకు పక్క నియోజకవర్గం ఎంపీనో, రాజ్యసభ సభ్యుడినో అడగాలి. రైల్వే డివిజన్ మీ ఒక్క స్థానంలోనే ఉండదు కాబట్టి పక్క ఎంపీకి కూడా అది సొంత విషయమే.

రెండోది దిశ కమిటీ. దీని ప్రస్తావన ఎవరూ తేలేదు, నా లెక్కలో ఎంపీ చేతిలో ఉన్న గట్టి పనిముట్లలో ఇదొకటి. 2016లో ఏర్పాటు చేశారు. లోక్‌సభ సభ్యుడు అధ్యక్షుడు, కలెక్టరు సభ్య కార్యదర్శి, జిల్లాలోని ఎమ్మెల్యేలు సభ్యులు. మూడు నెలలకోసారి కూర్చోవాలి. కేంద్ర నిధులతో నడిచే పథకాలన్నీ, అంటే గ్రామ సడక్ యోజన రోడ్లు, జల్ జీవన్ మిషన్ కుళాయిలు, ఆవాస్ ఇళ్లు వగైరా అక్కడ సమీక్షకొస్తాయి. ఎంపీ ఒక ఇంజినీరుకు ఫోన్ చేస్తే అది మాటగా పోతుంది. అదే విషయం దిశ సమావేశంలో అడిగితే మినిట్స్‌లో ఎక్కుతుంది, తర్వాతి సమావేశంలో 'తీసుకున్న చర్య' కింద జవాబు రాయాలి.

అక్కడ మీ ఊరి విషయం రావాలంటే సమావేశం రోజు కలెక్టరేట్ బయట నిలబడితే కుదరదు. అజెండా తయారయ్యేటప్పుడే ఎంపీ ఆఫీసుకు ఒక అరపేజీ నోటు వెళ్లాలి: పథకం పేరు, పని గుర్తింపు నంబరు, మంజూరు తేదీ, ప్రస్తుత స్థితి, అడగాల్సిన ఒక్క ప్రశ్న. కొళాయి లైను విషయమైతే 'నీళ్లు రావడం లేదు' అని కాదు, 'రికార్డులో ఇన్ని ఇళ్లకు కనెక్షన్ పూర్తని ఉంది, ఫలానా వీధిలో ఇన్ని ఇళ్లకు గొట్టమే రాలేదు' అని. రికార్డుకూ నేలకూ తేడా చూపిస్తే అధికారి జవాబు దాటవేయలేడు. సమావేశం అయ్యాక మినిట్స్ నకలు తీసుకోండి, ఇవ్వకపోతే సమాచార హక్కు ఉంది.

మంత్రులకు, కేంద్ర ఆఫీసులకు ఎంపీ రాసే లేఖల గురించి కూడా తెలుసుకోండి. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఎంపీ లేఖ అందినట్టు 15 రోజుల్లో తెలపాలి, ఆ తర్వాత 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆలస్యమయ్యేలా ఉంటే మధ్యంతర జవాబైనా ఇవ్వాలి. నెల దాటితే పీఏ గారికి లేఖ తేదీ, నంబరు చెప్పి గుర్తుచేయించండి. మీరు కదపకపోతే ఆ ఆఫీసులో దాన్ని గుర్తుపెట్టుకునేవారుండరు.

ఇంకొక జాగ్రత్త. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లోకొస్తే ఎంపీ నిధుల్లో కొత్త పనులు మంజూరు కావు. మంజూరై వర్క్ ఆర్డరు ఇచ్చినా నేలమీద మొదలుకాని పని మొదలుపెట్టకూడదు. మొదలైన పని కొనసాగించవచ్చు. పంచాయతీ ఎన్నికలు దగ్గర్లో ఉంటే డ్రెయిన్‌కు ముగ్గు పోసి తవ్వకం మొదలయ్యేలా చూసుకోండి.

వానతోట

ఇదే చోట అడుగుతున్నాను, ఏమనుకోకండి. గుండె ఆపరేషన్‌కు, కేంద్రీయ విద్యాలయంలో సీటుకు కూడా ఎంపీ లేఖ పనికొస్తుందంటారు. నిజమేనా?

నిధులలెక్క

కేంద్రీయ విద్యాలయం కోటా 2022లోనే తీసేశారు. అప్పటిదాకా ఎంపీకి ఏడాదికి పది సీట్లుండేవి. ఇప్పుడు లేఖ ఇప్పిస్తానని ఎవరైనా డబ్బడిగితే అది మోసం.

ఆపరేషన్‌కు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి ఉంది. దరఖాస్తుకు ఎంపీ సిఫార్సు తోడైతే మంచిది. ముఖ్యంగా చూసుకోవాల్సింది, ఆసుపత్రి ఆ నిధి జాబితాలో ఉండాలి, చికిత్సకు ముందే దరఖాస్తు వెళ్లాలి. ఆసుపత్రి ఇచ్చిన అసలు అంచనా పత్రం, ఆదాయ ధ్రువీకరణ, నివాస పత్రం, రోగి ఫొటో కావాలి. డబ్బు ఆసుపత్రికే వెళ్తుంది, పూర్తి ఖర్చు కాకుండా అందులో కొంత. ఆపరేషన్ అయిపోయి బిల్లులు కట్టేశాక ఇది ఇవ్వరు. అలాంటి బిల్లులకు ముఖ్యమంత్రి సహాయ నిధి వేరే ఉంది, దానికి ఎమ్మెల్యే ఆఫీసు దగ్గరి దారి. రెండింటినీ కలిపేసుకుని ఎంపీ దగ్గరకు బిల్లులు పట్టుకెళ్తే రెండు వారాలు వృథా అవుతాయి. ముందు ఆరోగ్యశ్రీలో (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆ చికిత్స ఉందేమో చూసుకోండి, ఉంటే ఈ తిప్పలే అక్కర్లేదు.

పట్టాలపక్క

పొలంగట్టు గారికి ఇంకొక విషయం. మీ సబ్‌వే ప్రశ్నకు జవాబులో 'పరిశీలనలో ఉంది', 'తగిన చర్య తీసుకుంటాం', 'సమాచారం సేకరించి సభకు సమర్పిస్తాం' లాంటి మాట ఏదైనా వస్తే నిరాశపడకండి. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. ఇలాంటి మాటల జాబితా దాని దగ్గర ఉంది, వాటిని అది హామీలుగా లెక్కకడుతుంది. హామీ ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో నెరవేర్చి సభకు నివేదించాలి, లేదంటే గడువు పొడిగించమని కమిటీని అడగాలి. ఆ జవాబు నకలు తీసి, ఆ వాక్యం కింద గీత గీసి, తేదీ, ప్రశ్న నంబరు వేసి ఎంపీ ఆఫీసులో ఇవ్వండి. మూడు నెలలయ్యాక 'ఈ హామీ ఏ స్థితిలో ఉంది' అని రైల్వే మంత్రిత్వ శాఖకు ఒక లేఖ రాయించండి. దాని నకలు డివిజన్‌కు కూడా పంపించమనండి, కిందివాళ్లు ఫైలు మళ్లీ తీసేది దానితోనే.